పరభుత్వం

లాఠీ బల్ల మీద పడితే ఒక చప్పుడు, మనిషి అరికాళ్ల మీద పడితే ఇంకో చప్పుడు. పోయిన బుధవారం పోలీస్ స్టేషన్‌లో చెక్క బెంచీ మీద కూర్చున్నప్పుడు, మూసిన తలుపు అవతలి నుంచి నాకు వినపడింది రెండోది. ఇన్నేళ్ల తర్వాత కూడా మొదటి దెబ్బకే గుర్తుపట్టాను. పక్కన కూర్చున్న నా మనవరాలు రమ్య మాత్రం లోపల బీరువాలు జరుపుతున్నారేమో అనుకుంది. మూడో దెబ్బ తర్వాత మనిషి మూలుగు వినిపించాక నా కొంగు పట్టుకుంది.

రమ్య ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు డ్రాయింగ్ చెబుతుంది. మొన్నటి వానలకు మా వాడల్లో నడుము లోతు నీళ్లొచ్చినప్పుడు చూసిపోవడానికి వచ్చిన ఒక సర్కారు పెద్దమనిషి బొమ్మ గీసి ఫోన్‌లో పెట్టింది. మునిగిన ఇంటి ముసలమ్మ భుజాల మీద ఆయన కూర్చున్నాడు. పైన గొడుగు, కింద ఆమె ముక్కు దాకా నీళ్లు. ఆయన మాత్రం అంతా బాగుందని చెయ్యి ఊపుతున్నాడు. ఆ బొమ్మ ఫోన్లు మారి ఊరంతా తిరిగింది. పొద్దున్నే రొట్టె పెనం మీద ఉండగా జీపు వచ్చింది. నా కొడుకూ కోడలూ సూరత్‌లో మగ్గాల పనికి పోయి ఉన్నారు కాబట్టి వెంట నేనే వెళ్లాను. పెనం దించి, గ్యాస్ కట్టేసి, తాళం రెండుసార్లు గుంజి చూసి మరీ వెళ్లాను. ఎవరు ఎవరిని పట్టుకుపోయినా ఇంట్లో గ్యాస్ ఊరికే మండకూడదు.

సాయంత్రం దాకా కూర్చోబెట్టి, అప్పుడు ఇన్‌స్పెక్టర్ తెల్లకాగితం ముందుకు తోశాడు. "తప్పైంది, ఇంకోసారి గియ్య అని రాసియ్యి. ఇంటికి పో" అన్నాడు.

"తప్పుగ గియ్యలే సార్. సోంచాయించే, కావాలెననే గీసిన" అంది రమ్య.

ఆయన నవ్వి, మూసిన తలుపు వైపు గడ్డం ఎత్తాడు. "పొద్దుగాల అండ్లున్నోడు గూడ గట్లనే అన్నడు. ఇప్పుడు అడుగు, ఏమంటడో."

"రాసియ్యి" అన్నాను నేను.

"నానమ్మా, నువ్వు గూడనా?"

"నోరు మూసుకొని రాసియ్యి. నీ ఎముకలు ఇనుపయి గావు."

అది రాసింది. రాస్తున్నంతసేపూ నా వైపు చూడలేదు. కింద సాక్షిగా నన్ను అడిగారు. "అవ్వా, సంతకం వస్తదా, వేలిముద్రనా?" నేను బొటనవేలు చాపాను. ఆటోలో ఇంటికి వస్తుంటే రమ్య ఒక్కటే మాట అడిగింది. "పొద్దున లేస్తే పేపర్ మొదటి పేజీకెల్లి ఆఖరి పేజీ దాకా సదువుతవ్. నా జీతం కాగితంల తప్పులు నువ్వే పడతవ్. మరి వేలిముద్ర ఎందుకేసినవ్?" నేను ఆటోకు ఇవ్వాల్సిన చిల్లర లెక్కపెట్టుకున్నాను. అది అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. అందుకే దాని బడి పిల్లలు ఒకవైపే గీసి వదిలేసిన కాగితాల వెనుక ఇది రాస్తున్నాను. నోటితో చెప్పాలంటే మధ్యలో ఆపేస్తానేమోనని భయం.

మా పుట్టిల్లు కొత్తవాడలో. ముందు గదిలో మగ్గం, వెనుక గదిలో మనుషులం. మేము జంపఖానాలు నేసేవాళ్లం. పెళ్లిళ్లలో, సభల్లో కింద పరిచే మందపాటి నూలు తివాచీలు అవి. పెద్ద జంపఖానాకు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. మా ఇంట్లో ఆ ఇద్దరూ మేము బాపు అని పిలిచే మా నాన్న, మా అన్న సాంబయ్య. ఇంట్లో ఎప్పుడూ ఉడికే రంగు వాసన, తడి నూలు వాసన, అవ్వ (అమ్మను అలాగే పిలిచేవాళ్లం) కాచే గంజి వాసన కలిసి ఉండేవి. బయటి నుంచి వచ్చినవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకు మాత్రం ఆ వాసన లేని రోజు పని లేని రోజు, పని లేని రోజు జొన్నరొట్టె కూడా సగమే. బాపు పొద్దున జానెడు నేత పడేదాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. నేల మీద చేతెడు దారం కనబడితే తీసి, ముడేసి, ఉండకు చుట్టేవాడు. ఆ ఉండతోనే మా గోనెసంచులు కుట్టుకున్నాం, ఆ ఉండతోనే నా జడ కట్టుకున్నాను. ఇప్పటికీ నేను దారం పారెయ్యలేను. రమ్య నవ్వుతుంది.

జంపఖానా గట్టిగా రావాలంటే అడ్డపోగును కిందికి దెబ్బవేసి దిగ్గొట్టాలి. దానికి వాడే పనిముట్టును పంజా అంటాం. మనిషి చెయ్యిలాగే ఉంటుంది, కాకపోతే వేళ్లన్నీ ఇనుపవి. బాపు పంజా, అన్న పంజా ఒకదాని వెనుక ఒకటి పడుతుంటే గోడలు కూడా అదిరేవి. ఆ దెబ్బకు వరుస కలిపి అన్న పాటలు కట్టేవాడు. నూలు ధర మీద, నల్లా రాని వీధుల మీద, ఊరేగింపులో లాఠీ దెబ్బలు తిని చచ్చిపోయిన హమాలీ మీద. సాయంత్రాలు ఐదారుగురు కలిసి చౌరస్తాల్లో పాడేవారు. బాపుకు ఇష్టం ఉండేది కాదు. "నీ పాట నూలు దెస్తదా?" అని దెప్పేవాడు. అంటూనే ఆ పాటకు తన పంజా వరుస తప్పకుండా వేసేవాడు.

నేను మూడో తరగతి మధ్యలో బడి మానేశాను. నూలు కండెలు చుట్టే చెయ్యి ఇంట్లో కావాల్సి వచ్చింది. మా పంతులమ్మ అప్పటికి వత్తులు చెబుతోంది. వా వత్తు ఎలాగో పట్టుబడింది గానీ రా వత్తు వచ్చేలోపు నేను రాట్నం ముందు కూర్చున్నాను. అయినా నా అక్షరం గుండ్రంగా, ముత్యంలా ఉండేది. అన్న పదో తరగతి పాసయ్యాడు గానీ అతని రాత కోడి గీకినట్టుండేది. అందుకని పాటల కాగితాలు నాతో రాయించేవాడు. అతను చెబుతుంటే నేను నేల మీద బోర్లా పడుకుని, కింద కార్బన్ కాగితాలు పెట్టి, పెన్ను గట్టిగా ఒత్తి రాసేదాన్ని. మా వాడలో చదువుకోనివాళ్లెవరూ 'ప్ర' అనరు. మేము అన్నట్టే నేను రాశాను. ప్రజలు నా చేతిలో పరజలయ్యారు. ప్రభుత్వం పరభుత్వమైంది.

ఆ పాటలో ఒక చరణం ఇలా ఉండేది. "నూలు మాది, నేత మాది, పరభుత్వం ఎవ్వలిది?" అన్న చెప్పింది ప్రభుత్వమనే. కాగితాలు గోడలకెక్కాక చదివినవాళ్లు మాత్రం దాన్ని తప్పు అనుకోలేదు. "ఏం మాట పెట్టినవ్రా సాంబయ్యా! మనదైతే ప్రభుత్వం, పరాయోళ్లదైతే పరభుత్వం" అని భుజం తట్టారు. అన్న ఇంటికొచ్చి నా నెత్తి మీద మొట్టికాయ వేశాడు. "నీకు రా వత్తు రాకపోవుడే మంచిదైంది చెల్లే. గీ మాట నాకు పదేండ్లు సోంచాయించినా దొరకకపోవు" అన్నాడు. ఆ రోజు నుంచి అలాగే పాడారు. చౌరస్తాలో ఆ మాట దగ్గరకు వచ్చేసరికి జనం నోరు కలిపేవారు. కూరగాయలమ్మే ఆడవాళ్లు కూడా బేరం కుదరకపోతే "ఇదేం పరభుత్వమమ్మా" అనేవారు. నాకు లోలోపల గర్వంగా ఉండేది. తప్పు రాసి గర్వపడ్డ పిల్ల వాడలో నేనొక్కదాన్నే.

వాళ్లు వచ్చింది ఒక మధ్యాహ్నం. వెనుక పెరట్లో రంగు గోలెం కింద మంట ఎగుస్తోంది. నేను మోచేతుల దాకా నీలిరంగులో ఉన్నాను. పొద్దున్న రాసినప్పుడు వేళ్లకు అంటిన సిరా ఆ నీలిలో కలిసిపోయింది. అది నా అదృష్టమో, అన్న ఖర్మో ఇప్పటికీ తేల్చుకోలేదు. ఎస్సై, నలుగురు కానిస్టేబుళ్లు. బూట్లతోనే మగ్గానికి సాగదీసి ఉన్న పడుగు దారాల మీద నడిచి లోపలికి వచ్చారు. ఎస్సై చేతిలో గోడ నుంచి పీకిన పాట కాగితం, సున్నం పెచ్చులతో సహా ఉంది.

"పరభుత్వమనే మాట పెట్టిన మొనగాడు ఎవడ్రా? మా సర్కారు పరాయిదారా నీకు?" అంటూనే అన్న చెంప మీద కొట్టాడు. బాపు లేచి "సార్, పోరడు తెల్వక పాడిండు" అని అడ్డం వచ్చాడు. ఒక కానిస్టేబుల్ ఆయన రొమ్ము మీద బూటుకాలితో తన్నితే వెల్లకిలా మగ్గం గుంతలో పడ్డాడు. తల గుంత అంచుకు తగిలిన చప్పుడు ఎండిన గుమ్మడికాయ పగిలినట్టు వినిపించింది. ఆయన లేవబోతే తల మీద కాలు పెట్టి నొక్కి ఉంచారు.

ఎస్సై తెల్లకాగితం తీసి అన్న ముందు పడేశాడు. "రాయి. ప్రజలు. ప్రభుత్వం. ప్రతి ఇల్లు." అన్నకు ఆ మూడు మాటలూ తప్పులేకుండా వచ్చు. నాకు తెలుసు, అవ్వకు తెలుసు. అతను తీరిగ్గా రాశాడు. పరజలు. పరభుత్వం. పరతి ఇల్లు.

ఎస్సై రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. "టెన్త్ పాసైనోడివి. పరజలు అని రాస్తవారా?"

"మా వాడల గట్లనే అంటం సార్."

"తప్పు నీదే. అక్షరం నీది గాదు. గుండ్రంగున్నది. ఆడపిల్ల రాసినట్టున్నది." ఆయన తల తిప్పి నా వైపు చూశాడు. "ఈ పిల్లకు సదువొచ్చా?"

"దానికేం సదువు సార్? కండెలు చుట్టే పిల్ల. వేలిముద్ర. గుండ్రంగ రాసింది నేనే. గోడకు పెట్టేది గదా, జర నిమ్మళంగ రాసిన" అన్నాడు అన్న.

"అయితే గీ చేత్తోనే రాసినవన్నట్టు" అన్నాడు ఎస్సై. అన్న కుడిచేతిని ఇద్దరు పట్టి మగ్గం దుంగ మీద అదిమారు. ఎస్సై పక్కనే ఉన్న పంజాను తీసుకుని బరువు చూశాడు. అది బాపు పంజా.

అవ్వ నా నోరు మూసిందని ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. అది సగమే నిజం. మొదటి దెబ్బకు అన్న అరిచినప్పుడు అవ్వ అరచెయ్యి నా నోటి మీదే ఉంది. నేను కొరికితే ఆమె చర్మం తెగి నా నాలుకకు రక్తం తగిలింది. రెండో దెబ్బకు ఎముక విరిగిన చప్పుడు విని అవ్వ నన్ను వదిలేసి అన్న మీద పడింది. ఆమెను జుట్టు పట్టి గోడకు ఈడ్చారు. మూడో దెబ్బ పడేటప్పుడు నా నోటి మీద ఎవరి చెయ్యీ లేదు. అన్న అప్పుడు నా వైపు చూశాడు. చెప్పొద్దు అన్నట్టే చూశాడు. చెప్పొద్దని అనకపోయినా నేను చెప్పేదాన్ని కాదు. నా కాళ్ల మధ్య నుంచి వెచ్చగా కారుతోంది, నేను ఆ తడిని చూస్తూ నిలబడ్డాను. ఎన్ని దెబ్బలు పడ్డాయో మూడు తర్వాత లెక్క లేదు.

పోయేముందు ఒక కానిస్టేబుల్ కత్తితో పడుగు కోశాడు. బిగిసిన పోగులు తెగి ఒక్కసారి వెనక్కి ఎగిరి గోడకు కొట్టుకున్నాయి. పంచనామా కాగితం మీద నా బొటనవేలు పట్టి సిరాలో అద్ది ఒత్తించారు. నా జీవితంలో మొదటి వేలిముద్ర అది. అన్నను జీపులోకి విసిరినప్పుడు అతని వేళ్లు చేతికి వేలాడుతున్నాయి, తడి నూలు చిలపల్లాగ.

ఆ రోజు నుంచి మా ఇంట్లో అక్షరం లేదు. అవ్వ నా పలకను పొయ్యిలో పెట్టింది. పల్లీలు కట్టిచ్చిన పేపరు ముక్క మీద నా కళ్లు ఒక క్షణం ఎక్కువ నిలిస్తే కట్టు పడిన చేత్తోనే చెంప పగలగొట్టేది. "నీ కండ్లు మీ అన్న పానం తీస్తయే" అనేది. ఆమె కోపం ఊరికే కాదు. ఎస్సైకి అనుమానం తీరలేదు. వారం వారం నన్ను స్టేషన్‌కు తీసుకురమ్మన్నాడు. అరికాళ్ల మీద లాఠీ చప్పుడు నాకు తెలిసింది అక్కడి బెంచీ మీదే. ఒకసారి హెడ్ కానిస్టేబుల్ నన్ను గోడ దగ్గర నిలబెట్టి, ఒక కాగితం మీద ఏదో రాసి నా కళ్ల ముందు పట్టాడు. ఊరికే పట్టుకుని నా ముఖం చూస్తున్నాడు. అందులో పెద్ద అక్షరాలతో ఉంది, 'నీ కాలి కింద పాము'.

నేను కిందికి చూడలేదు. మెడ నరాలు చూడు చూడు అని లాగుతున్నాయి. పాదాలు లేపితే అయిపోయినట్టే. "గిదేంది సార్, బొమ్మనా?" అని అడిగాను. ఆయన చాలాసేపు నా కళ్లలోకి చూసి, కాగితం ఉండచేసి నా ముఖాన కొట్టాడు. "పో. బర్రెకు ఏం తెలుస్తది" అన్నాడు. ఇంటికి వచ్చేదారిలో గోడల మీద రాతలు కనబడుతుంటే నేల చూస్తూ నడిచాను. కొన్నాళ్లకు నిజంగానే అక్షరాలు నాకు గీతల్లా కనబడటం మొదలైంది.

అన్న జైల్లో ఏడాదికి పైగా ఉన్నాడు. ములాఖత్‌కు పోతే జాలీ అవతలి నుంచి ఎడమచెయ్యి చూపేవాడు, కుడిచెయ్యి వెనక దాచేవాడు. అతనితో పాటు నాటకాలు వేసేవాళ్లు, గోడల మీద బొమ్మలు గీసేవాళ్లు కూడా ఉన్నారని చెప్పాడు. "అందరం చేతులు, నోరు వాడినోళ్లమే చెల్లే" అని నవ్వాడు. పైపళ్లు రెండు లేవు. సర్కారును తిట్టే పాటలు రాసి జనాన్ని రెచ్చగొట్టాడని కేసు. కోర్టులో ఆ గోడ కాగితాన్నే చూపించారు. నా అక్షరాలు అన్న పేరుతో నమోదయ్యాయి.

వదిలిపెట్టాక ఇంటికొచ్చినవాడు మగ్గం ఎక్కలేకపోయాడు. కుడిచేతికి మూడు వేళ్లు లోపలికి వంకరపోయి అలాగే అతుక్కున్నాయి, పంజా పిడి పట్టదు, పెన్ను పట్టదు. దగ్గితే రక్తం పడేది, పక్కటెముకలు ఎక్కడో లోపల గుచ్చుకున్నాయని దవాఖానలో అన్నారు. గొంతు మాత్రం మిగిలింది, సన్నగా. ఒకరోజు బాపు నూలుకు పోయాడు, అవ్వ రేషన్‌కు పోయింది. నేను రాట్నం ముందు ఉన్నాను. అన్న వచ్చి పక్కన చతికిలపడ్డాడు.

"చెల్లే, లోపల పదకొండు పాటలు కట్టిన. కాగితం ఇయ్యలే, నెత్తిలనే పెట్టుకున్న. ఒక్కొక్కటి జారిపోతాంది. జర రాసిపెట్టరాదే."

రాట్నం ఆపలేదు నేను. "నాకు రాయరాదన్నా" అన్నాను.

ఇంట్లో మేమిద్దరమే. తలుపు దగ్గరికి వేసి ఉంది. ఆ మాట నిజం కాదని లోకంలో తెలిసిన ముగ్గురిలో అతనొకడు. నన్ను కాపాడటానికి తన వేళ్లు ఇచ్చి చెప్పిన అబద్ధాన్ని నేను అతని ముఖం మీదే చెప్పాను.

అతను కాసేపు నా చేతుల వైపు చూశాడు. తిట్టలేదు. "మంచిగ నేర్చినవ్ చెల్లే" అన్నాడు. లేచి గోడ పట్టుకుని బయటికి పోయాడు.

ఆ వానాకాలమంతా నేను కండెలు చుడుతుంటే వచ్చి పక్కన కూర్చుని పాడేవాడు. నేను వింటే ఎక్కడ రాయాలనిపిస్తుందోనని రాట్నం ఇంకా జోరుగా తిప్పేదాన్ని. చలి మొదలయ్యాక ఒక పొద్దున నోటి నిండా రక్తంతో పోయాడు. పదకొండు పాటల్లో నాకు ఒక్క చరణం రాదు. ఎవరికీ రాదు. చౌరస్తాలో ఒకప్పుడు నోరు కలిపినవాళ్లలో ఇప్పుడు బతికున్నవాళ్లు పరభుత్వం అనే మాటను నవ్వుతూ అంటారు, దాని వెనుక ఎవరి చెయ్యి ఉందో తెలియక. నేను మళ్లీ అక్షరం కూడదీసుకున్నది నా కొడుకు బడికి పోయే రోజుల్లో, వాడి పలక పక్కన కూర్చుని, రా వత్తు కూడా అప్పుడే వచ్చింది.

అప్పుడు వాళ్లు అక్షరాన్ని పట్టుకుని చేతికోసం ఇల్లిల్లూ వెతికేవారు. ఇప్పుడు వెతకక్కర్లేదు, ఫోన్ వాళ్ల చేతిలో పెట్టమంటే చాలు, ఏ నిమిషంలో గీసిందీ అదే చెబుతుంది. అప్పుడు పడుగు కోశారు, ఇప్పుడు మర్యాదగా కుర్చీ వేసి కాగితం ముందు పెడతారు. కానీ పక్క గదిలో చప్పుడు అదే. రమ్య వేళ్లు పదీ చక్కగా ఉన్నాయి. పొద్దున రెండు రొట్టెలు తిన్నది. నేను చేసింది అందుకే. అన్నకు చేసింది కూడా భయంతోనే, అయితే ఆ భయం నా కోసం. రెండూ ఒకటి కాదని రాయాలనుకున్నాను. రాస్తూ వచ్చేసరికి అంత ధైర్యంగా అనలేకపోతున్నాను. రమ్య బుధవారం నుంచి ఇంట్లో పెన్సిల్ పట్టలేదు. బడికి పోతోంది, వస్తోంది, గోడ వైపు తిరిగి పడుకుంటోంది.

నిన్న సాయంత్రం ఈ కాగితాలు ఇక్కడిదాకా రాసి దాని ముందు పెట్టాను. నిలబడే చదివింది. చివరి కాగితం దగ్గర కూర్చుంది. నా అక్షరం ఇంకా గుండ్రంగానే ఉందనో, సాంబయ్య తాత గురించి ముందే చెప్పాల్సిందనో అంటుందని ఎదురుచూశాను.

"తాత రాయమంటే రాయకపోతివి" అంది. "నేను రాయనంటే రాయిస్తివి."

నా దగ్గర జవాబు లేదు. లేదని కూడా ఇందులో చేర్చమంది, చేర్చాను.